మిర్చి యార్డులో మనిషి ముఖాన్ని ఫొటో తీయడం ఎలా

మొదటిసారి గుంటూరు మిర్చి యార్డుకు కెమెరాతో వెళ్లిన రోజున, తాలు కాయలు (రంగు పోయిన నాసి కాయలు) ఏరుతున్న ఒక పెద్దామెను ఎర్రటి రాశి ముందు కూర్చోబెట్టి ఫొటో తీశాను. వారం తరువాత ప్రింటు చేతికిస్తే కాసేపు దాన్నే చూసి, "కాయలు బాగా పడ్డాయయ్యా, నేనేదీ?" అని అడిగింది. ఆ మాట తరువాత నా పని తీరు మార్చుకున్నాను. ఇక్కడ చెబుతున్నది ఆ మార్చుకున్న తీరే.

యార్డు కార్యాలయంలో అనుమతి తీసుకుని, ముఠా మేస్త్రితో మాట్లాడి, మొదటి రెండు మూడు రోజులు కెమెరా లేకుండానే వెళ్లండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు సరుకు ముమ్మరంగా వస్తుంది కాబట్టి ఉదయం వేళ ఎవరికీ తీరిక ఉండదు. పని సద్దుమణిగాక కూర్చుని మాట్లాడాలి. అక్కడున్నవారందరినీ 'మిర్చి కూలీలు' అని ఒక్క ముద్ద చేయకూడదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠావాళ్లు, తూకం వేసే దడవాయి, ధర కోసం సరుకు దగ్గరే రాత్రి పడుకున్న రైతు, వీరి బతుకులు వేరు వేరు. పల్లెల్లో కోతకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలతో వలస వచ్చేవారిని కలిస్తే "మీదే ఊరమ్మా?" అన్న ఒక్క ప్రశ్నతోనే సగం పరిచయం అయిపోతుంది.

ఎలా కనిపించాలో వారినే నిర్ణయించుకోనివ్వండి. పనిగుడ్డల్లో, ముక్కుకు కట్టుకున్న తువ్వాలుతో ఉన్నదే అసలు రూపమని మనం అనుకుంటాం గాని, ఆధార్ కార్డు మీది ఫొటో తప్ప వేరే ఫొటో లేని మనిషి తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంటానంటే అదీ ఆమె అసలు రూపమే. నేను రెండూ తీస్తాను: ముందు వారు కోరినట్టు, తరువాత వారు ఒప్పుకుంటే పనిలో ఉండగా.

వెలుతురు విషయంలో మిర్చి యార్డుది ప్రత్యేకమైన చిక్కు. కాయల రాశి మీద పడిన ఎండ తిరిగి ముఖం మీదికి కొట్టి గడ్డం కింద, ముక్కు అంచున ఎర్రటి ఛాయ వేస్తుంది. రంగులను సరిచూసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ ఎరుపును తగ్గించబోయి చర్మాన్ని నీలంగా చేస్తుంది. అందుకని మనిషిని రాశికి నాలుగడుగులు ఇవతలికి, షెడ్డు అంచు నీడలోకి రమ్మని, రాశికీ ముఖానికీ మధ్య ఛాతీ కిందుగా తెల్లటి థర్మోకోల్ షీటు పట్టించి, ముఖం ఉన్న చోటే తెల్ల కాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 85 ఎంఎం లెన్సు, ఎఫ్/4 అపర్చరు, 1/125 సెకను షట్టరు వేగం చాలు. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి కనుక తొందరపెట్టకుండా, వారు కళ్లు తుడుచుకుని తేరుకున్నాకే నొక్కండి.

చర్మం రంగు దగ్గర నేను చాలా పట్టుదలగా ఉంటాను. నల్లటి ముఖం ఫ్రేము నిండితే కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దాన్ని ఉన్నదానికంటే తేలిక రంగులో చూపిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజరు అర స్టాపు నుంచి ఒక స్టాపు వరకు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించాలి. ఎడిటింగులో తెల్లగా చేయడం మన స్టూడియోల్లో మర్యాద కింద చెల్లుతోంది. కానీ ఎండలో పని చేసి నలుపెక్కిన ముఖాన్ని తెల్లబరిస్తే, ఆమె బిడ్డలు రేపు చూసేది వాళ్ల అమ్మను కాదు, ఇంకెవరినో. ముడతలు కూడా చెరపకండి.

ఫొటో ఎక్కడ పెడతారో ముందే చెప్పి, వద్దంటే వారి ముందే తీసేయండి. పేరును వారు చెప్పినట్టే రాసుకోండి. కొందరు ఇంటిపేరుతో, కొందరు ఊరి పేరుతో చెబుతారు. అరండల్‌పేటలోనో బ్రాడీపేటలోనో 6×8 అంగుళాల ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి మీరే తీసుకెళ్లి ఇవ్వండి. సీజను అయ్యాక వలస కూలీలు ఊళ్లకు వెళ్లిపోతారు కనుక, ప్రింట్ల పని ఆ లోపే ముగించాలి.