ప్రాధాన్య ఓటులో 1 తర్వాత వచ్చే చిక్కులు

ప్రాధాన్య ఓటు అంటే పోటీలో ఉన్నవారికి మన ఇష్టం వరుసలో 1, 2, 3 అని నంబర్లు వేయడం. గెలవడానికి కావలసినన్ని ఓట్లు (కోటా) ఎవరికీ రాకపోతే, అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చినవారిని తప్పిస్తారు (ఎలిమినేట్ చేస్తారు). వారి కాగితాలను వాటి మీద ఉన్న 2 ప్రకారం మిగిలినవారికి పంచుతారు. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాల పట్టభద్రులకు ఈ పద్ధతి కొత్త కాదు. 2023 మార్చి 13న ఎమ్మెల్సీ ఓటు ఇలాగే వేశాం. దీన్నే కాలనీ సంఘానికో, రేపు మున్సిపాలిటీకో పెట్టాలంటే ఈ చిక్కులు ముందే చూసుకోవాలి.

సమస్య: డిగ్రీలున్నవాళ్ల ఓట్లు కూడా చెల్లడం లేదు.

కారణం: చేతికి ఈవీఎం అలవాటైపోయింది. టిక్కు పెడతారు, అక్షరాల్లో ‘ఒకటి’ అని రాస్తారు, ఇద్దరికి 1 వేస్తారు. బూత్‌లో ఇచ్చే వయొలెట్ స్కెచ్ పెన్ను వదిలేసి జేబులో పెన్ను తీస్తారు. వీటిలో ఏదీ చెల్లదు.

పరిష్కారం: చెబితే చాలదు, రాయించాలి. ఒంగోలులో మా కాలనీ ఎన్నికకు ముందు ఇడ్లీ, దోసె, ఉప్మా పేర్లతో నమూనా బ్యాలెట్ పంచాం. పక్కింటి పెద్దాయన మూడింటికీ టిక్కు పెట్టి, ‘‘అన్నీ ఇష్టమేనయ్యా’’ అన్నారు. పక్కన కూర్చుని 1, 2, 3 వేయించాక మరుసటి ఆదివారం అసలు ఓటు తప్పులేకుండా వేశారు. కొత్తగా నియమాలు రాసేవాళ్లు, ఒకే ఒక్క టిక్కు ఉంటే దాన్ని 1గా తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

సమస్య: చివరిదాకా లెక్కపెట్టినా ఎవరూ కోటా చేరరు.

కారణం: ఒకే సీటుకు కోటా అంటే చెల్లిన ఓట్లలో సగం, ఆపైన ఒకటి. ఎలిమినేట్ అయినవారి కట్టలో 2 లేని కాగితాలు పక్కకు పోతాయి. 2 వేస్తే మనవాడికి దెబ్బ అని చాలామంది భయం.

పరిష్కారం: మీ 1 పోటీలో ఉన్నంతవరకు మీ 2 జోలికి ఎవరూ వెళ్లరు. ఈ మాట బ్యాలెట్ మీదే అచ్చు వేయించండి. అందరికీ నంబర్లు వేయాల్సిందేనని మాత్రం పట్టుబట్టకండి, చెల్లని ఓట్లు పెరుగుతాయి.

సమస్య: ఎక్కువమందికి నచ్చినవారే ముందు ఎలిమినేట్ అవుతారు.

కారణం: 100 ఓట్లలో ‘ఎ’కి 40, ‘బి’కి 35, ‘సి’కి 25 అనుకుందాం. ఎ, బి వర్గాలు రెండూ 2 మాత్రం ‘సి’కే వేశాయి. ముఖాముఖి పెడితే ‘సి’ 60-40తో ‘ఎ’ మీద, 65-35తో ‘బి’ మీద గెలవాలి. కానీ మొదట పోయేది ‘సి’నే. అమెరికాలో బర్లింగ్టన్ మేయర్ ఎన్నికలో 2009లో ఇలాగే జరిగింది.

పరిష్కారం: ఎలిమినేషన్‌కు ముందు ప్రతి జంటనూ పోల్చండి. అందరి మీదా గెలిచేవారుంటే వారే విజేత. లేకపోతేనే మామూలు రౌండ్లు. ముగ్గురికి 3 జంటలు, పదిమందికి 45. చేత్తో కష్టం కాబట్టి ఓట్లు కంప్యూటర్‌లో ఎక్కించండి. కాగితాల కట్టలకు మాత్రం సీలు వేసి ఉంచండి, అనుమానం వస్తే మళ్లీ లెక్కపెట్టాల్సింది వాటినే.