చెట్లకు పెయింట్ నంబర్లు పడ్డాయా? ముందు ఫైలు అడగండి

పొద్దున వాకింగ్‌కి వెళ్తే మీ రోడ్డు పక్క చెట్ల మొదళ్ల మీద పెయింట్‌తో నంబర్లు కనిపించాయా? అయితే మీకు టైం ఎక్కువ లేదు. నంబర్లు వేశారంటే రోడ్డు వెడల్పుకో, ఫ్లైఓవర్‌కో, డ్రైనేజీ లైన్‌కో ఎక్కడో ఒక ఫైలు కదులుతోందని అర్థం. ఈ దశలో చాలామంది ఫొటో తీసి మంత్రినీ కమిషనర్‌నీ ట్యాగ్ చేసి పోస్టు పెడతారు. పెట్టండి, తప్పు లేదు, కాకపోతే "సంబంధిత అధికారుల దృష్టికి తీసుకెళ్లాం" అన్న రిప్లై తప్ప ఇంకేమీ రాదు.

రెండేళ్ల కింద హైదరాబాద్‌లో మా కాలనీ ముందు కూడా ఇలాగే 19 చెట్లకు నంబర్లు పడ్డాయి. నేను యాప్‌లో కంప్లైంట్ పెట్టాను, రెండు రోజులకి 'పరిష్కరించబడింది' అని క్లోజ్ చేశారు, మళ్లీ పెట్టాను, మళ్లీ క్లోజ్. ఐదోసారి తర్వాత, గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మా పక్కింటాయన నా గోల వినలేక చెప్పాడు: "కంప్లైంట్ ఇస్తే వాళ్లు జవాబు రాసి పంపుతారు నాయనా. ఫైలు అడిగితే ఫైలే చూపించాలి." నాకు పని జరిగింది ఆ మాట పట్టుకున్నాకే.

ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి, సగం మంది ఇక్కడే ఓడిపోతారు. గల్లీ రోడ్డు కార్పొరేషన్‌ది, కానీ మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీదో, నేషనల్ హైవేదో అయ్యుండొచ్చు. ఫ్లైఓవర్ కడితే కార్పొరేషన్‌లోనే ప్రాజెక్ట్స్ వింగ్ వేరు, మీ సర్కిల్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్‌కి) దాని సంగతి తెలియకపోవచ్చు కూడా. చెట్టుకి నీళ్లు పోసేది అర్బన్ బయోడైవర్సిటీ వింగ్, ఆ చెట్టు కొట్టడానికి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం) కింద పర్మిషన్ ఇచ్చేది అటవీ శాఖ. బస్సు ఆర్టీసీది, బస్ షెల్టర్ కార్పొరేషన్‌ది, బస్సు ఎక్కడ ఆగాలన్నదాంట్లో ట్రాఫిక్ పోలీసుల మాట కూడా ఉంటుంది. రోడ్డు కింద పైపు నీళ్లు సరఫరా చేసే జలమండలిది. ఇంతమందిలో ఎవర్ని అడిగినా పక్కవాడిని చూపిస్తారు, అందులో అబద్ధం కూడా ఉండదు, అదే బాధ.

పైగా హద్దులు మారాయి. ఎప్పటినుంచో ఉన్న 150 వార్డుల లెక్క 2025 చివర్లో 300 అయింది, కాబట్టి పాత అలవాటుగా తెలిసిన ఆఫీసుకి వెళ్లేముందు మీ గల్లీ ఇప్పుడు ఏ కార్పొరేషన్, ఏ సర్కిల్ కిందికి వస్తుందో చూసుకోండి. ఫైలు అడగడమంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టడమే, ఒకవేళ అది తప్పు ఆఫీసుకి ఇచ్చినా కంగారు పడక్కర్లేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకి పంపాల్సిన బాధ్యత వాళ్లదే. "మాది కాదు, తీసుకెళ్లండి" అంటే ఈ సెక్షన్ పేరు చెప్పండి, గొడవ పడకుండా, నవ్వుతూ.

ఇప్పుడు దరఖాస్తు. తెల్లకాగితం, పది రూపాయల పోస్టల్ ఆర్డర్, మీ అడ్రస్, అంతే. తెలుగులో రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు, అడిగినా చెప్పకండి. 'ఎందుకు', 'ఎలా కొడతారు', 'ఇది న్యాయమేనా' లాంటి ప్రశ్నలు రాశారో, 'ఇది సమాచారం నిర్వచనం కిందికి రాదు' అని ఒక్క లైన్‌తో తిప్పి పంపుతారు. కాగితాలే అడగండి. నేను రాసింది దాదాపు ఇలా ఉంది:

"ఫలానా జంక్షన్ నుంచి ఫలానా జంక్షన్ దాకా రోడ్డు విస్తరణ పనికి సంబంధించి: మంజూరైన ఎస్టిమేట్ కాపీ, అప్రూవ్ అయిన డ్రాయింగ్ కాపీ, చెట్ల తొలగింపునకు తీసుకున్న అనుమతి, దాని షరతులు, నంబర్ల వారీగా చెట్ల జాబితా, నోట్ షీట్లతో సహా మొత్తం ఫైలును సెక్షన్ 2(జె) కింద స్వయంగా పరిశీలించే అవకాశం ఇవ్వగలరు."

ఆ చివరి ముక్క మాత్రం వదలొద్దు. కాపీలు అడిగితే వాళ్లు ఇవ్వదలుచుకున్న పేజీలే వస్తాయి, ఫైలు చూస్తానంటే మొత్తం ముందు పెట్టాలి. మొదటి గంట ఫ్రీ. కావాల్సిన పేజీలకి జిరాక్స్ ఏ4 సైజుకి రెండు రూపాయలు. దరఖాస్తు చేత్తో ఇస్తే రెండో కాపీ మీద ఇన్‌వార్డ్ ముద్ర (అందినట్టు వేసే ముద్ర), తేదీ వేయించుకోండి. "రేపు రండి, ముద్ర లేదు" అంటే అక్కడే కూర్చోండి, ముద్ర దొరుకుతుంది. లేదంటే స్పీడ్ పోస్టు.

ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నాకు ఇరవై ఎనిమిదో రోజున లెటర్ వచ్చింది. వెళ్తే అక్కడ క్లర్కు "ఫైలు పైన ఉంది సార్" అన్నాడు. పైన అంటే మూడో అంతస్తు అనుకుని మెట్లెక్కబోయాను, పెద్దసారు దగ్గర ఉందని దాని అర్థమట. గంటన్నర కూర్చున్నాక తెచ్చారు. గోధుమరంగు అట్ట, తెల్ల ట్యాగు, ఎడమవైపు నోట్ షీట్లు, కుడివైపు ఉత్తరాలు. మీరూ ఎడమవైపు నుంచే మొదలుపెట్టండి, ఎందుకంటే ఎవరు ఏ తేదీన ఏమన్నారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, దాన్ని ఎవరు పక్కనపెట్టారు అన్నదంతా అక్కడే ఉంటుంది.

మా ఫైల్లో ఏముందంటే, అనుమతి 11 చెట్లకే ఉంది. నంబర్లు పడింది 19 చెట్లకి. మిగతా ఎనిమిదింటి గురించి ఒక్క అక్షరం లేదు. ఇంకో సంగతి, అసలు నేను చెట్ల కోసం వెళ్లాను గానీ డ్రాయింగ్ విప్పి చూస్తే మా బస్టాప్ లేదు! ఫుట్‌పాత్ ఒక చోట మీటరున్నరతో మొదలై ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకి వచ్చేసరికి సున్నా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ఐఆర్‌సీ 103 ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. అందుకే చెప్తున్నా, చెట్ల ఫైలైనా బస్టాప్ కోసం వెతకండి, బస్టాప్ ఫైలైనా చెట్ల కోసం వెతకండి. రోడ్డు గీసేవాళ్లు ముందు కార్లకి గీసి, మిగిలిన జాగాలో మిగతావన్నీ ఇరికిస్తారు. ఒకటి పోయిన చోట రెండోది కూడా పోయి ఉంటుంది.

ఈ లోపు మీ లెక్క మీరు తీసుకోవాలి. ప్రతి చెట్టుకీ ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి రెండు ఫొటోలు, మొదలు చుట్టుకొలత టేపుతో, చెట్టు పేరు. ఒక ఆదివారం చాలు. మా జాబితాలో సగం చెట్లకి ఎదురుగా 'ఇతరములు' అని రాసి ఉంది, అవి నిజానికి రెండు వేపలు, ఒక కానుగ, మిగతావి నిద్రగన్నేరు. చేవెళ్ల దారిలో సుమారు 900 మర్రిచెట్ల కేసు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లి నిలబడిందంటే, ఒక్కో చెట్టునీ జనమే జియోట్యాగ్ చేసి లెక్క చేతిలో పెట్టుకోవడం అందులో పెద్ద భాగం.

సెలవుల మీద ఒక కన్నేయండి. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కూలుస్తూ బుల్డోజర్లు జోరుగా నడిచింది ఉగాది, రంజాన్ సెలవులు కలిసొచ్చిన రోజుల్లోనే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేదాకా. కోర్టులూ ఆఫీసులూ మూసి ఉన్నప్పుడు మీరు ఫోన్ చేసినా ఎత్తేవాళ్లుండరు. అందుకని వరస సెలవుల ముందు రోజే లిఖితపూర్వకంగా ఒక లెటర్ ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబర్ తీసి పెట్టుకోండి.

కాగితాలు చేతికొచ్చాక ఎవరి దగ్గరికి వెళ్లాలి? కౌన్సిల్ ఉంటే కార్పొరేటర్ దగ్గరికి. "అన్నా, మా చెట్లు కాపాడు" అని కాదు, కౌన్సిల్‌లో అడగాల్సిన ప్రశ్న టైప్ చేసి తీసుకెళ్లండి: 'అనుమతి 11 చెట్లకే ఉండగా 19 చెట్లకు మార్కింగ్ ఏ ఉత్తర్వు ప్రకారం జరిగింది?' వాళ్లకి చదివే తీరిక ఉండదు, సంతకం పెట్టే తీరిక ఉంటుంది. 2021లో వచ్చిన కౌన్సిల్ ఐదేళ్ల గడువు 2026 ఫిబ్రవరితో అయిపోయింది. ఎన్నికైన కౌన్సిల్ లేనప్పుడు దాని అధికారాలు ప్రత్యేకాధికారి చేతికి వెళ్తాయి, అప్పుడు అదే లెటర్ ఆయన పేరున. మీ ఎమ్మెల్యే కౌన్సిల్‌లో ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యుడు కూడా అన్న సంగతి చాలామందికి గుర్తుండదు, కాబట్టి ఆయనకీ ఒక కాపీ. సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కూడా ఇవ్వొచ్చు, రసీదు వస్తుంది గనక పనికొస్తుంది.

2020లో జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్) చట్టానికి సవరణ చేసినప్పుడు రెండు మంచి సంగతులు పెట్టారు. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి, వార్డుకి నాలుగేసి కమిటీలు: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. మా వార్డు కమిటీలో సభ్యులెవరని అడిగితే వార్డు ఆఫీసులోనే ఎవరికీ తెలియలేదు. అందుకే వీటి మీద కూడా పది రూపాయలు పెట్టండి: కమిటీ సభ్యుల జాబితా, జరిగిన మీటింగుల మినిట్స్, గ్రీన్ బడ్జెట్ కింద మీ వార్డులో పెట్టిన ఖర్చు బిల్లులతో సహా. మినిట్స్ లేవని రాతపూర్వకంగా జవాబొచ్చినా అది ఒక రికార్డే.

చెరువు పక్కన ఉండేవాళ్లకి పద్ధతి ఇదే, అడగాల్సిన కాగితం వేరు: హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) నోటిఫై చేసిన ఎఫ్‌టీఎల్ మ్యాపు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు. ప్రిలిమినరీ నోటిఫికేషనా, ఫైనలా అన్నది తప్పకుండా చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి బఫర్ (హద్దు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా) 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక అందరూ అక్కడికే పరిగెడుతున్నారు గానీ మ్యాపు లేకుండా వెళ్తే అక్కడా "సర్వే చేయిస్తాం" దగ్గరే ఆగిపోతుంది. గాలి సంగతైతే సనత్‌నగర్, జూపార్క్ లాంటి స్టేషన్ల లెక్కలు 'సమీర్' యాప్‌లో రోజూ కనిపిస్తాయి. మీరు అడగాల్సింది 2019లో మొదలైన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్, ఫైనాన్స్ కమిషన్ గాలి నిధులు మన ఊళ్లో దేనిమీద ఖర్చయ్యాయన్న లెక్క.

జవాబు రాకపోతే? ముప్పై రోజులు దాటితే తిరస్కరించినట్టే లెక్క. ఆ తర్వాత ముప్పై రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. అదీ తేలకపోతే తొంభై రోజుల్లో సమాచార కమిషన్‌కి, అక్కడ మాత్రం ఓపిక పట్టాలి. నిజంగా చెట్లు పడిపోయే పరిస్థితి వస్తే ఈ దారి పట్టుకుని కూర్చోకండి. గ్రీన్ ట్రిబ్యునల్ మన బెంచ్ చెన్నైలో ఉంది, విషయం మొదలైన ఆరు నెలల్లోపే వెళ్లాలి. అప్పుడు లాయర్ మొదట అడిగేది మీ ఇన్‌వార్డ్ ముద్రలున్న కాపీలే.

మా కథ ఎక్కడిదాకా వచ్చిందంటే, అనుమతి లేని ఎనిమిది చెట్లు అక్కడే ఉన్నాయి, నంబర్లు కూడా ఇంకా చెరిగిపోలేదు. పదకొండులో ఐదింటిని పెకలించి ఊరవతల నాటారు. గోనెపట్టాలు చుట్టి నిలబెట్టిన ఆ మోళ్లను మొన్న వెళ్లి చూసొచ్చాను, మూడింటికి చిగుర్లు వచ్చాయి, రెండింటి బెరడు గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. మిగతా ఆరు పోయాయి. డ్రాయింగ్ మార్చి బస్టాప్ పెట్టారు, షెల్టర్ మాత్రం ఇంకా రాలేదు. నాటిన చెట్లకి మూడేళ్లు నీళ్లు పోయాలని అనుమతి షరతుల్లో ఉంది కాబట్టి ఈసారి ట్యాంకర్ బిల్లులు, ట్రిప్ షీట్లు అడుగుతున్నా. పోస్టల్ ఆర్డర్ నిన్ననే కొన్నాను.