జెర్బిల్‌ని (ఎలుక లాంటి చిన్న పెంపుడు జంతువు) చేతికి మచ్చిక చేసే ముందు ఈ జాగ్రత్తలు చూసుకోండి

- ఇంటికి తెచ్చిన మొదటి రెండు మూడు రోజులు అసలు ముట్టుకోకండి. పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి, చాలు.

- చేతులు కడుక్కున్నారా? వేళ్లకి తిండి వాసన ఉంటే తినేదేమో అనుకుని కొరికి చూస్తుంది, పాపం అందులో దాని తప్పేం లేదు.

- తోక పట్టుకుని ఎత్తొద్దు, ఎప్పటికీ వద్దు! తోక మీది చర్మం ఊడి వచ్చేస్తుంది, మళ్లీ పెరగదు. పిల్లలు ఉంటే ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

- చెయ్యి పైనుంచి దించితే గద్ద వాలినట్టే దానికి. పక్క నుంచి అరచేతిని నేలకి ఆనించి, ఒక్క పొద్దుతిరుగుడు గింజ పెట్టి కదలకుండా ఉండండి. మొదట మెడ మాత్రం చాచి, మీసాలు వేళ్లకి తగిలీ తగలకుండా గింజ లాక్కుని పారిపోతుంది, కొన్నాళ్లకి ముందు కాళ్లు అరచేతి మీద ఆనిస్తుంది, తర్వాత ఎప్పుడో అక్కడే కూర్చుని తింటుంది. అప్పటిదాకా పట్టుకోవాలని చూడకండి.

- వెనక కాళ్లతో టపటపా నేలని కొడుతుంటే టెన్షన్‌లో ఉండొచ్చు, ఆ రోజుకి వదిలేయండి.

- నిద్రలో ఉంటే లేపకండి.

- బయటికి తీసేటప్పుడు తలుపులు వేసి, నేల మీదే కూర్చోండి. ఒక్క ఉదుటున దూకుతుంది.