వానలు పట్టకముందే గేమ్ సర్వర్‌ను సరిచూసుకోండి

తిరుపతికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, కరెంటు పోవడం రావడం మొదలు. 2021 నవంబరు వరదలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వానకు సెలవులిచ్చిన రోజే పిల్లలంతా సర్వర్‌లోకి వచ్చేస్తారు. అందుకే ఇంట్లో మైన్‌క్రాఫ్ట్ (బ్లాకులతో కట్టుకునే ఆట) జావా ఎడిషన్ సర్వర్ నడిపేవాళ్లు సెప్టెంబరులోనే ఈ పనులు చూసుకోవాలి.

కాపాడుకోవాల్సింది మొదట వరల్డ్‌ను, అంటే ఆటలో అందరూ కట్టుకున్న లోకాన్ని, ఆ తర్వాతే కంప్యూటర్‌ను. ఆటలో జరిగే మార్పులు ముందు ర్యామ్‌లో ఉంటాయి. సుమారు 5 నిమిషాలకోసారి డిస్కుకు ఎక్కుతాయి. సరిగ్గా రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు సగంలో ఆగిపోవచ్చు. వరల్డ్‌ను దాచే ఒక్కో రీజియన్ ఫైలులో 32×32 చంకులు (16×16 బ్లాకుల ముక్కలు), అంటే 512 బ్లాకుల పొడవూ అంతే వెడల్పూ ఉన్న నేల ఉంటుంది. మీవాళ్లు నెలల తరబడి కట్టిన ఊరంతా ఆ ఒక్క ఫైలులోనే ఉండొచ్చు.

‘ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదన్నా’ అంటారు. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అందుకునేలోపే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో పెట్టండి. ఇంకా మంచిది, యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు సమాచారమిచ్చే చిన్న యూపీఎస్. బ్యాటరీ తగ్గగానే సర్వర్‌కు స్టాప్ కమాండ్ వెళ్లి, వరల్డ్ సేవ్ అయ్యాకే మిషన్ ఆగేలా సెట్ చేసుకోవాలి. తర్వాత ఎండ కాసే రోజు చూసి, వరల్డ్ కాపీ ఒకటి నడుపుతూ యూపీఎస్ ప్లగ్ పీకి చూడండి. పాత బ్యాటరీ ఎన్ని నిమిషాలు ఆగుతుందో అప్పుడే తెలుస్తుంది. రౌటర్, ఫైబర్ బాక్సు కూడా యూపీఎస్ మీదే ఉండాలి. లేకపోతే సర్వర్ బతికే ఉంటుంది, ఆడేవాళ్లంతా బయటపడిపోతారు.

కరెంటు రాగానే కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్‌ను ఈ మూడు నెలలూ తీసేయమంటాను. తుఫాను రాత్రి కరెంటు వచ్చిన ప్రతిసారీ సర్వర్ లేచి, మళ్లీ పడిపోతుంటే వరల్డ్‌కు అంతకంటే ప్రమాదం లేదు.

బ్యాకప్‌ సంగతి. సర్వర్ నడుస్తుండగా ఫోల్డర్‌ను ఊరికే కాపీ కొట్టకండి. ముందు సర్వర్‌కు సేవ్-ఆఫ్ కమాండ్ ఇచ్చి ఆటోసేవ్ ఆపండి, తర్వాత సేవ్-ఆల్ ఫ్లష్‌తో అంతా డిస్కుకు ఎక్కించండి, కాపీ అయ్యాక సేవ్-ఆన్. ఈ పని చేసే స్క్రిప్టు మధ్యలో ఫెయిలై సేవ్-ఆన్ పడకపోతే ఆ తర్వాత ఆటోసేవ్ జరగదు, ఎవరికీ తెలియదు కూడా. కాబట్టి కాపీ ఫెయిలైనా సేవ్-ఆన్ పడేలా రాసుకోండి. ఒక కాపీ ఇంటి బయట, క్లౌడ్‌లోనో వేరే ఊళ్లోని స్నేహితుడి దగ్గరో ఉండాలి. వారానికోసారి ఆ కాపీని వేరే ఫోల్డర్‌లో తెరిచి, లోపల నడిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ అనను.

కరెంటు పోయి వచ్చాక రౌటర్ మీ కంప్యూటర్‌కు వేరే ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రసు) ఇవ్వొచ్చు, అప్పుడు బయటివాళ్లను సర్వర్‌కు చేర్చే 25565 పోర్ట్ ఫార్వర్డింగ్ దారి తప్పుతుంది. రౌటర్‌లో ఆ ఐపీని రిజర్వ్ చేసేయండి. బయటి ఐపీ మారుతుంటే, అది మారినా ఒకే పేరుతో సర్వర్‌ను చేరుకునేలా డైనమిక్ డీఎన్‌ఎస్ పెట్టుకోండి. మీరు పేరు చేర్చినవాళ్లనే లోపలికి రానిచ్చే వైట్‌లిస్ట్ ఆన్‌లో ఉంచండి. సర్వర్‌కు దూరం నుంచి కమాండ్లు పంపే ఆర్‌కాన్ పోర్ట్ 25575 బయటికి తెరవకండి, దాని పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళుతుంది. ఆట వాడే లాగ్4జే అనే కోడ్‌లో 2021 డిసెంబరులో బయటపడిన భద్రతా లోపాన్ని మైన్‌క్రాఫ్ట్ 1.18.1 వెర్షన్‌తో సరిచేశారు. అంతకంటే పాత వెర్షన్ నడిపేవాళ్లు దానికి ఇచ్చిన ప్యాచ్ పెట్టారో లేదో చూసుకోవాలి. వెర్షన్ మార్చాలంటే వానలకు ముందే, బ్యాకప్ తీసుకున్నాకే మార్చండి. కొత్త వెర్షన్‌లో తెరిచిన వరల్డ్‌ను పాతదానిలో మళ్లీ తెరవడం కుదరదు.

పిడుగుల విషయంలో చాలామంది మర్చిపోయేది కంప్యూటర్‌ను రౌటర్‌కు కలిపే లాన్ కేబుల్. ఫైబర్ లోపలి గాజు తీగలో కరెంటు పారదు. కానీ మిద్దె మీదుగా పై పోర్షన్‌కు లాగిన రాగి కేబుల్‌లో పారుతుంది. ఇక నీళ్ల సంగతి: కింది పోర్షన్‌లో ఉండేవాళ్లు సీపీయూను నేల మీద నుంచి తీసి బల్ల మీద పెట్టండి.

రెడ్ అలర్ట్ వచ్చిన రోజు గ్రూపులో ముందే చెప్పి, ఆడేవాళ్లకు పావుగంట టైమిచ్చి సర్వర్ ఆపండి. ఆఖరి కాపీ బయటికి పంపి, పవర్ ప్లగ్‌తో పాటు లాన్ కేబుల్ కూడా పీకేయండి.