దుద్దు ముందుకు వాలకుండా పట్టే వెనక బిళ్ల: ఇంట్లోనే చేసుకునే పద్ధతి

పెట్టుకున్న దుద్దు ముందుకు వాలి నేలచూపులు చూస్తుంటే చాలామంది తప్పంతా బరువు మీద వేసి, ఇష్టమైన జతను డబ్బాలో పెట్టి మూసేస్తారు. నేను నగలు చేస్తాను కాబట్టి అలాంటి జతలు తరచూ నా చేతికి వస్తుంటాయి. వాటిలో చాలావాటికి మార్చాల్సింది ముందున్న నగను కాదు, వెనక సీల దగ్గరుండే ఆధారాన్ని.

బరువు ఎంత అన్నదే కాదు, ఆ బరువు తమ్మెకు ఎంత ముందుకు ఉందన్నదీ లెక్కలోకి వస్తుంది. నీళ్ల బకెట్‌ను ఒంటికి దగ్గరగా పట్టుకోవడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడానే ఇక్కడా ఉంది. 8 గ్రాముల కమ్మ బరువు తమ్మెకు 4 మిల్లీమీటర్ల ముందు ఉంటే రెండూ గుణిస్తే 32. కమ్మ 6 గ్రాములే అయినా, రాళ్లు ఎత్తుగా పొదగడం వల్ల బరువు 8 మి.మీ. ముందుకు వస్తే 48. తేలికదే ఎక్కువ వాలుతుంది. వేలాడే బుట్టల విషయం వేరు. బుట్ట ఎంత పొడవున్నా దాని బరువు కొక్కెం ఉన్న చోటునే లాగుతుంది. అందుకే కొత్తగా చేయించుకునేవాళ్లకు ఆ కొక్కెం దుద్దు ముందువైపు కాకుండా వెనకవైపు, తమ్మెకు దగ్గరగా పెట్టించుకోమని చెబుతాను.

ఇక వెనకవైపు ఏం జరుగుతుందో చూడండి. దుద్దు కిందికి వాలితే కాడ వెనక కొస పైకి లేస్తుంది. అప్పుడు సీల పై అంచు తమ్మెలోకి నొక్కుకుంటుంది, కింది అంచు తమ్మెను వదిలేస్తుంది. ముందువైపు దీనికి తలకిందులు. అక్కడ దుద్దు కింది అంచు నొక్కుకుంటుంది, పై అంచు విడిపోతుంది. అంటే వెనక ఆధారం కావాల్సింది రంధ్రానికి పైన. తోసి పెట్టే మామూలు సీల వెడల్పు 5 మి.మీ. అనుకుందాం. రంధ్రం పైన దానికి దక్కేది రెండున్నరే. దుద్దు రంధ్రం కింద 4 మి.మీ. ఉందనుకుంటే, వాలును ఆపే ఆ రెండు అంచుల మధ్య దూరం 6.5. తమ్మెకూ సీలకూ మధ్య ఒక బిళ్ల పెట్టి, దాన్ని రంధ్రం పైన 7 మి.మీ. దాకా పెంచితే ఆ దూరం 11 అవుతుంది. అంచులు నొక్కే బలం దాదాపు 40 శాతం తగ్గుతుంది, పైగా అది ఎక్కువ చర్మం మీద పరుచుకుంటుంది. గుండ్రటి పెద్ద బిళ్ల కూడా పనిచేస్తుంది కానీ దాని కింది సగం పెద్దగా ఉపయోగపడదు, చిన్న తమ్మె అయితే కింద నుంచి బయటికి కనిపిస్తుంది. నేను బిళ్లను కోడిగుడ్డు ఆకారంలో, దాని రంధ్రం కిందికి జరిపి చేస్తాను.

కొలతలు తీసుకోవడానికి దుద్దు పెట్టుకుని ఎవరిచేతనైనా పక్కనుంచి, చెవి ఎత్తులో ఫొటో తీయించుకోండి. దుద్దు పై అంచు తమ్మెకు ఎంత ఎడంగా ఉందో అందులో తెలిసిపోతుంది. తర్వాత తమ్మె మందం, కాడ పొడవు, కాడ మందం కొలవండి. కాడ మందం ఎక్కువగా 0.7 నుంచి 0.9 మి.మీ. మధ్య ఉంటుంది. మర సీలల కాడలు ఇంకాస్త లావు.

ఇప్పుడు అట్టముక్క తీసుకోండి. రంధ్రం వచ్చే చోటు నుంచి పైకి 7, కిందికి 3, వెడల్పు 10 మి.మీ. ఉండేలా కత్తిరించి, పిన్నీసుతో రంధ్రం చేసి, తమ్మె వెనక పెట్టి సీల బిగించండి. తల అటూ ఇటూ తిప్పండి, ఫోన్ చెవికి ఆనించి చూడండి. పై అంచు చెవి వెనక మడతకు తగిలితే ఒక్కో మిల్లీమీటరు తగ్గించండి. అదే ముక్కను తలకిందులుగా కూడా పెట్టి చూడండి. ఆధారం పైన ఉన్నప్పుడూ కింద ఉన్నప్పుడూ తేడా అద్దంలో మీకే కనిపిస్తుంది.

అసలు సంగతి బిళ్ల వెడల్పులో కన్నా దాని రంధ్రంలో ఉంది. పలచటి బిళ్లకు వదులు రంధ్రం ఉంటే, బిళ్ల తమ్మెకు చక్కగా ఆనుకునే ఉంటుంది, కాడ మాత్రం దానిలోనే వంగిపోతుంది. అప్పుడు బిళ్ల ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు. రంధ్రం కాడ కన్నా 0.2 మి.మీ. వదులుగా ఉందనుకోండి. బిళ్ల మందం 1 మి.మీ. అయితే కాడ దాదాపు 11 డిగ్రీలు వంగగలదు. అదే కాడ 3 మి.మీ. లోతు రంధ్రం గుండా వెళ్తే ఆ వంపు 4 డిగ్రీలకు మించదు. కాబట్టి బిళ్ల మధ్యలో చిన్న గొట్టంలాంటి ఎత్తు కావాలి.

వెండితో చేసేటప్పుడు నేను రేకుకు సన్నటి గొట్టం అతుకుతాను. ఇంట్లో చేసుకునేవాళ్లకు 1 మి.మీ. అక్రిలిక్ షీట్ సులువు. డబ్బా మూతల ప్లాస్టిక్‌కు జిగురు సరిగా పట్టదు, వంగిపోతుంది కూడా. గుడ్డు ఆకారపు ముక్క ఒకటి, 5 మి.మీ. గుండ్రటి ముక్కలు రెండు కోసి, రంధ్రం వచ్చే చోట ఒకదాని మీద ఒకటి అక్రిలిక్ జిగురుతో అతికించండి. పూర్తిగా ఆరాక మూడింటికీ కలిపి ఒకేసారి, చేతి డ్రిల్‌తో నిటారుగా రంధ్రం వేయండి. 0.8 కాడకు 0.9 బిట్ సరిపోతుంది. అంచులను 600, తర్వాత 1200 ఎమరీ పేపర్‌తో నీళ్లు తడుపుతూ నున్నగా చేయండి. పెదవి మీద రాసి చూస్తే ఎక్కడా గీరుకోకూడదు. వేలికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుంది.

లోహంతో చేస్తే నికెల్ విషయం పట్టించుకోండి. దురద, రసి కారడం చాలామందిలో దానివల్లే. టైటానియం మంచి ఎంపిక. నికెల్ కలవని వెండి, బంగారం కూడా సాధారణంగా పడతాయి.

పొడవు లెక్క మరవకండి. తమ్మె 4.5, బిళ్ల 3, దాని వెనక మామూలు సీల 3, మొత్తం 10.5 మి.మీ. కాడ 11 ఉంటే చాలు. అంతకన్నా పొట్టిదైతే కాడ మార్పించుకోవాలి, సీలను కొసన వేలాడదీసి సరిపెట్టుకోవద్దు. బిగింపు ఎక్కువైతే వాలడం ఇంకా తగ్గుతుందని గట్టిగా నొక్కేస్తారు, అది చర్మానికి హాని. బిళ్ల తమ్మెకు తాకాలి, నొక్కకూడదు. తీశాక తమ్మె వెనక గుంట పడినా, పెట్టుకున్నప్పుడు అంచు పక్కన చర్మం తెల్లబడినా ఒక మెట్టు వదులు చేయండి. రాత్రి తీసేయండి. కొత్తగా కుట్టించిన చెవులకు ఇది పెట్టొద్దు, రంధ్రం పూర్తిగా మానాలి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బిళ్ల వాలడాన్ని ఆపుతుంది, బరువును మోయదు. బరువంతా చెవి రంధ్రం కింది అంచు మీదే ఉంటుంది. దాన్ని పంచుకునేది పైనుంచి లాగే మాటీ. రంధ్రం చీలికలా సాగి తమ్మె అంచుకు దగ్గరగా వచ్చినవాళ్లు బిళ్లలతో కాలం గడపకుండా డాక్టరుకు చూపించి కుట్లు వేయించుకోవడం మేలు. మా అత్తయ్యకు అదే చేయించాం.

రెండు చెవులకూ ఒకే కొలత సరిపోతుందనుకోకండి. రంధ్రాలు ఒకే ఎత్తులో ఉండటం అరుదు. దేనికది విడిగా అట్టముక్కతో చూసి కోయండి, కుడి బిళ్ల వెనక సూదితో చిన్న చుక్క గీసి పెట్టుకోండి.