లా స్కూల్ అనుకునే పిల్లలు డిగ్రీలో ఏ మేజర్ తీస్కోవాలి

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో ఈ మధ్య ఈ ప్రశ్న బాగా వినిపిస్తోంది, మా అమ్మాయి లా అంటోంది వదినా, పొలిటికల్ సైన్స్ తీస్కోమనాలా, లేకపోతే ముందు కంప్యూటర్ సైన్స్ చేయించి తర్వాత పంపిస్తే మంచిదా అని. మా పెద్దమ్మాయి లా స్కూల్లో చేరింది, చిన్నోడు ఎకనామిక్స్ పీహెచ్‌డీ అంటున్నాడు, రెండు దార్లూ మా ఇంట్లోనే నడిచాయి కాబట్టి తెలిసిందంతా రాసేస్తున్నా.

ముందు లా సంగతి. ఫలానా మేజరే, అంటే డిగ్రీలో ముఖ్య సబ్జెక్టే, ఉండాలని రూల్ ఏమీ లేదు. లా స్కూళ్ళకి గుర్తింపు ఇచ్చే అమెరికన్ బార్ అసోసియేషనే మేము ఏ మేజర్‌నీ ప్రత్యేకంగా చెప్పం అంటుంది. మెడిసిన్‌కైతే కెమిస్ట్రీ, ఫిజిక్స్ అని ముందే చదవాల్సిన లిస్టు ఉంటుంది, లాకి అలాంటిది లేదు, మన దగ్గర లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి వెళ్ళేవాళ్ళని బీకామా బీఎస్సీయా అని అడగనట్టే. పొలిటికల్ సైన్స్ వాళ్ళు ఎక్కువమంది అప్లై చేస్తారు, అంతమాత్రాన దానికి ఎక్కువ మార్కులు వెయ్యరు. ప్రీ-లా అని పేరున్న మేజర్ ఉంటే వెంటనే అందులో చేర్చెయ్యకండి, పేరు వల్ల ఒరిగేది ఏమీ లేదు. డబుల్ మేజర్ కూడా అంతే, రెండోదాని మీద ఇష్టం ఉంటే చెయ్యనివ్వండి, అప్లికేషన్ బరువుగా కనిపిస్తుందని మాత్రం వద్దు.

అడ్మిషన్ వాళ్ళు ముందు చూసేది రెండు నెంబర్లు, జీపీఏ (డిగ్రీ గ్రేడుల సగటు, 'ఏ' గ్రేడు అంటే 4), ఎల్‌శాట్ అనే లా ప్రవేశ పరీక్ష స్కోరు. ఈ జీపీఏ దగ్గరే మనవాళ్ళు దెబ్బ తింటున్నారు. కాలేజీ పోర్టల్లో కనిపించే జీపీఏ కాదండీ, ఎల్‌శాట్ పెట్టే ఎల్‌శాక్ అనే సంస్థ అన్ని ట్రాన్స్‌క్రిప్టులూ (కాలేజీ ఇచ్చే గ్రేడుల జాబితాలు) తెప్పించుకుని తన లెక్కలో మళ్ళీ కడుతుంది, అదే స్కూళ్ళకి వెళ్తుంది. మొదటి బ్యాచిలర్స్ పూర్తయ్యేలోపు ఏ కాలేజీలో ఏం చదివినా అందులో వస్తుంది, హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్ కోసం చేసిన డ్యుయల్ క్రెడిట్ కోర్సులతో సహా. మళ్ళీ రాసి 'ఏ' గ్రేడు తెచ్చుకున్నా, పాత గ్రేడు ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉంటే రెండూ కలుపుతారు. ఒక మంచి సంగతి ఏంటంటే కాలేజీ ఏ ప్లస్ ఇస్తే దాన్ని 4.33 కింద లెక్కేస్తారు.

మాకు ఇది తెలిసింది మూడో సంవత్సరం ఎండాకాలంలో. నేనూ మా అమ్మాయీ డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకుని క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చున్నాం, నాలుగేళ్ళు ఇలాగే చదివితే 116 క్రెడిట్ల మీద 3.9 వస్తుందని దాని ధైర్యం, దానికి పదకొండో క్లాసులో కమ్యూనిటీ కాలేజీలో చేసిన 4 క్రెడిట్ల కాలిక్యులస్ కలిపాం, అందులో సి వచ్చింది. మొత్తం 3.84కి పడిపోయింది. ఒక్క సి. పదహారేళ్ళ పిల్లకి కాలేజీ ఖర్చు తగ్గుతుందని మేమే చేర్పించాం, చేర్చుకున్న వాళ్ళు ఈ గ్రేడు జన్మంతా వెంట వస్తుందని ఒక్క మాట చెప్పలేదు, పిల్ల ఏమీ అనకుండా ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. అందుకే చెప్తున్నా, డ్యుయల్ క్రెడిట్ వద్దనట్లేదు, కానీ 'ఏ' గ్రేడు వచ్చే సబ్జెక్టే తీస్కోండి. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షతో వచ్చే క్రెడిట్‌కి గ్రేడు ఉండదు కాబట్టి దానితో ఈ గొడవ లేదు.

మరి మేజర్ ఎలా ఎంచుకోవాలి అంటే, ఎవరూ తొయ్యకుండా పిల్లలు ఏ సబ్జెక్టులో కూర్చుని చదువుతున్నారో, ఏది రాస్తున్నారో అది చూడండి. మా అమ్మాయి బయాలజీలో చేరింది, మేం చెప్పామనే. రెండో సెమిస్టర్లో ఒక హిస్టరీ క్లాసు తీస్కుంది, అందులో 1923 నాటి భగత్ సింగ్ తిండ్ కేసు మీద ఆరు పేజీల పేపర్ రాయమన్నారు, అదే, భారతీయుడు ఇక్కడి చట్టం ప్రకారం తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వం ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పిన కేసు. తీర్పు మొత్తం రాత్రి రెండింటిదాకా చదివింది. ప్రొఫెసర్ పేపర్ పక్కన పెన్సిల్‌తో, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు, ఆధారం ఎక్కడ, అని రాసి తిప్పి పంపిస్తే మూడుసార్లు తిరగరాసింది, విసుక్కోలేదు. కెమిస్ట్రీ ల్యాబ్ రిపోర్టుకి మాత్రం ప్రతివారం ఏడుపే. మేజర్ మార్చుకుంటానంటే మా ఆయన రెండు నెలలు ఒప్పుకోలేదు, చివరికి ఒప్పుకున్నాడు.

హిస్టరీయే అవ్వాలని కాదు. ఫిలాసఫీ, ఇంగ్లిష్, ఎకనామిక్స్, మ్యాథ్స్, ఏదైనా సరే, వాదన కట్టడం, కష్టమైన పాఠం విడమర్చి చదవడం, ఎక్కువ రాయడం అలవాటయ్యేది అయితే చాలు. ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్లో లాజిక్ కోర్సు ఒకటి మాత్రం ఏ మేజర్ వాళ్ళైనా తీస్కోండి. ఎల్‌శాట్‌లో 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే పజిల్స్ సెక్షన్ తీసేశారు, ఇప్పుడు లెక్కలోకొచ్చేవి రెండు లాజికల్ రీజనింగ్ సెక్షన్లు, ఒక రీడింగ్. ప్రశ్న ఎలా ఉంటుందంటే, మా వీధిలో స్పీడ్ బ్రేకర్ వేశాక యాక్సిడెంట్లు తగ్గాయి కాబట్టి స్పీడ్ బ్రేకర్ వల్లే తగ్గాయి అంటే ఇందులో లోపం ఏంటి, అలాంటివి. పక్క రోడ్డు అప్పుడే తెరిచి ట్రాఫిక్ అటు మళ్ళి ఉండొచ్చు కదా. స్కోరు 120 నుంచి 180, ఐదేళ్ళలో ఐదుసార్లకి మించి రాయనివ్వరు కాబట్టి ఊరికే చూసొద్దామని పంపకండి, పాత పేపర్లు ఇంట్లో టైమ్ పెట్టుకుని రాయించండి.

ఇంజనీరింగ్, సైన్స్ పిల్లలకి ఒక మాట. మంచి గ్రేడులతో నడుస్తుంటే లా కోసం అది వదిలెయ్యక్కర్లేదు, పేటెంట్ లాయర్‌గా పేటెంట్ ఆఫీసు ముందు పని చెయ్యాలంటే వాళ్ళ పరీక్ష రాయాలి, దానికి సైన్స్ లేదా ఇంజనీరింగ్ చదువు ఉండాలి, హిస్టరీ వాళ్ళకి ఆ తలుపు తెరుచుకోదు. కానీ ఎలక్ట్రికల్‌లో 3.2 దగ్గర ఈడుస్తుంటే కష్టమైన మేజర్ కదా అర్థం చేసుకుంటార్లే అనుకోవద్దు, కొంచెం చూస్తారు, ఆ తేడా మొత్తం మాత్రం పూడదు.

గ్రాడ్ స్కూల్, అంటే మాస్టర్స్, పీహెచ్‌డీ, లెక్క పూర్తిగా వేరు, అక్కడ మేజర్, అందులోనూ ఏ కోర్సులు చేశారన్నదే ప్రాణం. మా వాడికి ఎకనామిక్స్ పీహెచ్‌డీ కావాలి, ఎకనామిక్స్ క్లాసులు ఎన్ని చేసినా లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ లేకపోతే పెద్ద డిపార్ట్‌మెంట్లలో కష్టమని వాళ్ళ ప్రొఫెసరే చెప్పాడు, అందుకని మ్యాథ్స్ కూడా మేజర్‌గా పెట్టుకున్నాడు. ఇక్కడ మాస్టర్స్ లేకుండా డిగ్రీ నుంచి నేరుగా పీహెచ్‌డీకి వెళ్ళొచ్చు, దానికి ఎక్కువగా వాళ్ళే ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు, మాస్టర్స్‌కి సాధారణంగా మన జేబులోంచే. రెండో ఏడాది నుంచే ఎవరో ఒక ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్‌లో చేరాలి, సైన్స్ వాళ్ళకి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఆర్‌ఈయూ అనే సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాములున్నాయి, వాళ్ళే ఎదురు డబ్బులిస్తారు.

ఇంకా ఏదీ తేలని పిల్లలుంటే కంగారు పడకండి, చాలా కాలేజీల్లో మేజర్ చెప్పడానికి రెండో ఏడాది చివరిదాకా టైముంటుంది. అప్పటిదాకా స్టాటిస్టిక్స్ ఒకటి, బాగా రాయించే క్లాసు ఒకటి, ఇరవైమందికి మించని చిన్న సెమినార్ ఒకటి చెయ్యమనండి. చిన్న క్లాసులోనే ప్రొఫెసర్‌కి పిల్లాడి పేరు తెలుస్తుంది, రేపు అప్లికేషన్‌కి సిఫార్సు లెటర్ రాయాల్సింది ఆయనే. ప్రొఫెసర్ తన గదిలో పిల్లల్ని కలిసే ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళడానికి మన పిల్లలు తెగ మొహమాటపడతారు, వెనక పడి అయినా పంపించండి.

డబ్బు సంగతి చివర్లో చెప్తున్నా కానీ చిన్నది కాదు. 2026 జులై 1 నుంచి కొత్తగా లా స్కూల్లో చేరేవాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ అనే లోన్ లేదు, లాకి ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 వరకే ఫెడరల్ అప్పు. పైన ప్రైవేట్ లోనో, మన చేతి డబ్బో. కాబట్టి స్కాలర్‌షిప్ కావాలి, అది ఎక్కువగా ఆ రెండు నెంబర్ల మీదే ఇస్తారు. అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టు చూసేస్తారు చాలా స్కూళ్ళలో, ఎండాకాలం చివరికల్లా ఎల్‌శాట్ అయిపోయేలా చూసుకుని అక్టోబర్ లోపు పంపించెయ్యండి. సీటు వచ్చాక కూడా ఇంకో స్కూల్ ఇచ్చిన ఆఫర్ లెటర్ జతచేసి స్కాలర్‌షిప్ పెంచమని మర్యాదగా ఈమెయిల్ పెట్టొచ్చు, మా అమ్మాయి పెట్టింది, పది రోజుల్లో పెంచి పంపించారు.