అమ్మ జీవితకథ రాయడం ఎలా?

చాలా ఇళ్లలో వంశవృక్షం గీయించి ఫ్రేము కట్టించి పెడుతున్నారు. ముత్తాత, తాత, నాన్న, కొడుకులు అందరూ ఉంటారు. ఆ ఇల్లు నడిపిన ఆవిడ దగ్గరికొచ్చేసరికి పేరు పక్కన "భార్య" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆవిడ పుట్టింటి ఇంటిపేరు కూడా కనపడదు. అలా చేయకండి. అమ్మదైనా, అమ్మమ్మదైనా, నాయనమ్మదైనా కథ రాయాలనుకుంటే కాగితం మధ్యలో ఆవిడ పేరు రాసి, ముందు పుట్టింటి వైపు వెళ్లండి. వాళ్ల అమ్మ, అమ్మమ్మ, వాళ్ల పుట్టింటి ఇంటిపేర్లు, ఊళ్లు రాయండి. అత్తింటి వైపు సంగతులు ఎవరో ఒకరికి గుర్తుంటాయి, తర్వాత చూసుకోవచ్చు.

కావలసినవి రూళ్ల లాంగ్ నోట్‌బుక్కు, పెన్ను, ఫోన్లో వాయిస్ రికార్డరు. రికార్డు చేస్తున్నామని చెప్పి, ఒప్పుకుంటేనే ఆన్ చేయండి. వీడియో మాత్రం వద్దు. కెమెరా చూడగానే ఆవిడ చీర సర్దుకుని పుస్తకాల భాషలోకి వెళ్లిపోతారు. నాలుగు ముక్కల్లో జీవితం అయిపోతుంది.

తేదీలు త్వరగానే తేలతాయి, కాకపోతే ఆధార్ కార్డుని నమ్మకండి. పెద్దవాళ్లలో చాలామందికి అందులో జనవరి 1 అని ఉంటుంది, అది అంచనాగా వేసింది. "విరోధి నామ సంవత్సరం, మాఘమాసం" అని ఆవిడ అంటే అదే గట్టి ఆధారం. ఆ విరోధి 1949 ఉగాదికి మొదలైంది. మాఘం వచ్చేసరికి 1950 అయింది. చాలామంది ఇక్కడే ఏడాది తప్పు వేస్తారు. సంవత్సరం పేరు గుర్తులేకపోతే జరిగినవాటితో ముడిపెట్టి అడగండి. పెద్దవాడు పుట్టింది 1977 దివిసీమ ఉప్పెనకి ముందా, తర్వాతా? 1979లో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మీద పడుతుందని ఊరంతా భయపడినప్పుడు చంకలో పిల్ల ఉందా? 1991 గోదావరి పుష్కరాలకి ఎవరెవరు వెళ్లారు? అటక మీది గిన్నెలు కూడా దించి చూడండి. స్టీలు గిన్నె అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు, పక్కన తేదీ ఉంటాయి. ఏ శుభకార్యానికి ఎవరిచ్చారో ఆవిడ చూడకుండానే చెప్పేస్తారు.

ఇక అసలు కష్టం ఆవిడచేత మాట్లాడించడం. అందరూ పాడుచేసేది ఇక్కడే.

"నీ గురించి చెప్పమ్మా" అని అడిగితే పని చెడినట్టే. "నా గురించి ఏముంది చెప్పడానికి" అంటారు. ఆ తర్వాత మీ నాన్నగారి ట్రాన్స్‌ఫర్లు, మీ మార్కులు చెప్పి లేచిపోతారు. ఆవిడ గురించి అడగకండి, వస్తువుల గురించి అడగండి. ముఖ్యంగా బంగారం. పెళ్లికి పుట్టింటివాళ్లు ఏమేం పెట్టారో అడిగి, ఒక్కోదాన్నీ పట్టుకుని అది ఇప్పుడు ఎక్కడుందో అడగండి. గొలుసు తాకట్టుకెళ్లింది ఎవరి ఫీజు కోసం, విడిపించారా, గాజులు కరిగించి ఎవరికి చేయించారు, ఏది అమ్మితే బోరు పడింది. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1986 చట్టంతో వచ్చింది. అంతకుముందు పెళ్లయినవాళ్లకి అది వర్తించలేదు. ఆ తరంలో చాలామందికి తమదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ బంగారమే. ఇల్లు ఎవరి కష్టంతో నిలబడిందో జీతాల లెక్కల్లో కనపడదు, ఈ లెక్కలో కనపడుతుంది.

ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. నాన్నగారు పక్కనుంటే ఆయనే జవాబులు చెప్తారు, లేదా ఆవిడ ఆయన మొహం చూసి మాట్లాడతారు. ఎదురుగా కూర్చోకండి. ఆవిడ చేతిలో చిక్కుడుకాయలో, పూలో ఉంటే మంచిది. మీరూ నాలుగు కాయలు ఈనెలు తీస్తూ పక్కన కూర్చోండి. ఆవిడ మధ్యలో ఆగిపోతే మీరు మాట అందించకండి. ఆ మౌనం తర్వాతే అసలు సంగతి వస్తుంది.

"పిల్లలెంతమంది" అని ఎప్పుడూ అడగకండి. బతికినవాళ్ల లెక్కే చెప్తారు. "ఎన్ని కాన్పులు" అని అడిగితే పురిట్లో పోయినవాళ్లూ లెక్కలోకి వస్తారు. ఇది మొదటిరోజు అడిగే ప్రశ్న కాదు. కాస్త చనువుగా మాట్లాడటం అలవాటయ్యాక అడగండి, గొంతు మారితే రికార్డరు ఆపేయండి. ఆవిడ చెప్పినదానికీ పిన్ని చెప్పినదానికీ పొంతన కుదరకపోతే వాదించకండి, రెండూ రాయండి.

విన్నది ఆ రాత్రే రాసేయాలి, ఆవిడ యాసలోనే. "ఓపికకు మారుపేరు", "త్యాగమూర్తి" లాంటి మాటలు ఒక్కటి కూడా రానివ్వకండి. సంతాపసభలో మాటలవి. తోడికోడలితో ఎందుకు మాటలు మానేశారో, చదువు ఏ తరగతిలో ఆపించారో, ఆపించింది ఎవరో అవి రాయండి.

పూర్తయ్యాక మొత్తం ఆవిడకి చదివి వినిపించండి. తీసెయ్యమన్నది మారు మాట్లాడకుండా తీసెయ్యండి. మొదటి జిరాక్సు కాపీ ఆవిడ పుట్టింటివాళ్లకి పంపండి. వాళ్ల పెట్టెల్లోని పాత ఫొటోలు, మర్చిపోయిన పేర్లు అప్పుడే బయటికొస్తాయి. వాటికోసం నోట్‌బుక్కు చివర పది పేజీలు ఖాళీగా ఉంచండి.